కాజీపల్లిలో ఎవరున్నారు, ఎవరికెంత వస్తోంది

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గర్లో, బొల్లారం, గడ్డపోతారం, దుండిగల్ పరిసరాల్లో ఉన్న చిన్న ఊరు కాజీపల్లి. ఒకప్పుడు మెదక్ జిల్లా జిన్నారం మండలంలో ఉండేది. 2016 అక్టోబరు 11న తెలంగాణలో జిల్లాలను విడదీసినప్పుడు సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఊరి పక్కన రిజర్వు అడవి, ఊరికి ఆనుకుని చెరువు, చుట్టూ మందుల ఫ్యాక్టరీల ప్రహరీ గోడలు. ఇలాంటి ఊళ్లో జనం ఎంతమంది, వాళ్లు ఎక్కడివాళ్లు, వాళ్ల సంపాదన ఎలా మారింది అన్న ప్రశ్నలకు ఏ ఒక్క పట్టికలోనూ జవాబు దొరకదు. ఇక్కడ రాత్రి షిఫ్టు చేసే మనిషి పేరు ఒడిశాలో ఏదో పల్లె రేషన్ కార్డులో ఉంటుంది. అతని చేతి మీదుగా తయారైన మందు విలువ సంగారెడ్డి జిల్లా ఖాతాలో పడుతుంది. ఆ మందు మీద వచ్చిన లాభం హైదరాబాద్‌కో, ముంబైకో, షేరు కొన్నవాళ్లు ఎక్కడుంటే అక్కడికో చేరుతుంది. మనుషుల లెక్క ఒకచోట, పైసల లెక్క మరోచోట ఉండటమే ఈ పారిశ్రామిక ప్రాంతాన్ని అర్థం చేసుకోవడంలో అసలు చిక్కు.

1970ల ముందు ఈ పల్లెల బతుకు చెరువుల మీద నడిచేది. కట్ట కింద తరి పొలాల్లో వరి, పైన చెలకల్లో జొన్న, మొక్కజొన్న, కంది పండేవి. పట్టాదారుల్లో రెడ్లు ఎక్కువగా ఉండేవారు. ముదిరాజులు, బెస్తలు చెరువులో చేపలు పట్టేవారు. గొల్ల కురుమలకు మందలు, గౌడులకు ఈత, తాటి వనాలు, మాదిగ, మాల కుటుంబాలకు కూలి పని, కొద్దిపాటి చెలకలు ఉండేవి. తూము తీసి మడులకు వంతుల ప్రకారం నీళ్లు వదిలే నీరటి ఉండేవాడు. వడ్ల, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి వృత్తులవాళ్లు, ముస్లిం కుటుంబాలు, కాస్త దూరాన లంబాడా తండాలు ఈ ప్రాంతమంతటా కనిపించేవి. ఊరి జనాభా మారిందంటే పుట్టుకలు, చావులు, పెళ్లై వచ్చిన కోడళ్లు, పెళ్లై వెళ్లిన బిడ్డలు, అంతే. కరువు వస్తే కొందరు పట్నం పోయేవారు. బయటివాళ్లు పనికోసం ఇక్కడికి రావడం అరుదు.

ఆ దారిని తిప్పింది పరిశ్రమ. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ కర్మాగారం వచ్చింది. 1972లో పటాన్‌చెరు దగ్గర అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన కేంద్రం ఇక్రిశాట్ మొదలైంది. అదే దశకంలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ ఏర్పడింది. మెదక్‌ను వెనుకబడిన జిల్లాగా గుర్తించడంతో ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టేవారికి పెట్టుబడి రాయితీలు దొరికాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాక ఆ వేగం ఇంకా పెరిగింది.

మందుల పరిశ్రమే ఇక్కడ ఎందుకు పాతుకుపోయిందన్న దానికి మరో రెండు కారణాలున్నాయి. మొదటిది 1961లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్. బాలానగర్‌లోని దాని కర్మాగారంలో పని నేర్చుకున్న రసాయన శాస్త్రవేత్తలు తర్వాత సొంతంగా కంపెనీలు పెట్టారు. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు, బొల్లారం దాని తొలి కేంద్రాల్లో ఒకటి. రెండోది 1970 నాటి పేటెంట్ల చట్టం. 1972లో అమల్లోకి వచ్చిన ఆ చట్టం మందుకు పేటెంటు ఇవ్వకుండా, దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇచ్చింది. వేరే పద్ధతి కనిపెట్టగలిగితే ఎవరైనా అదే మందు చేసుకోవచ్చు. దాంతో మందుల ముడిపదార్థాలు చేసే బల్క్ డ్రగ్ యూనిట్లు పటాన్‌చెరు, బొల్లారం నుంచి పాశమైలారానికి, కాజీపల్లికి, గడ్డపోతారానికి, బొంతపల్లికి పాకాయి. నగరానికి గంట ప్రయాణం, చవక భూమి, దగ్గర్లో నీళ్లు, వ్యర్థాలు వదిలేందుకు వాగులు, చెరువులు. ఈ చివరి వసతికి పల్లెలు కట్టిన ధర ఎంతో తర్వాత తేలింది.

ఇక జనాభా సంగతి. ఉమ్మడి మెదక్ జిల్లా జనాభా 2001లో సుమారు 26 లక్షల 70 వేలు, 2011లో 30 లక్షల 33 వేలు. అంటే పదేళ్లలో 13.6 శాతం పెరిగింది. అదే కాలంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 11 శాతం పెరిగింది కాబట్టి మెదక్ పెరుగుదల పెద్దగా లెక్కలోకి రాదనిపిస్తుంది. పక్కనే రంగారెడ్డి జిల్లా 48 శాతం పెరిగింది మరి. మెదక్‌లో జరిగిన అసలు మార్పు మొత్తం అంకెలో కనిపించదు, జనం ఎక్కడ చేరారో చూస్తేనే తెలుస్తుంది. 2001లో జిల్లా జనాభాలో 14 శాతం మాత్రమే పట్టణాల్లో ఉండేది, 2011 నాటికి అది 24 శాతమైంది. నారాయణఖేడ్, అందోలు వైపు పల్లెలు ఉన్నచోటే ఉండగా, హైదరాబాద్ దిక్కున ఉన్న అంచు మాత్రం బరువెక్కింది.

జిల్లాలు విడిపోయాక ఈ తేడా ఇంకా స్పష్టమైంది. 2011 లెక్కలను కొత్త హద్దులకు సర్దితే సంగారెడ్డి జిల్లా జనాభా 15 లక్షల 27 వేలు. అదే పాత మెదక్ నుంచి పుట్టిన కొత్త మెదక్ జిల్లాలో ప్రతి 1,000 మంది మగవాళ్లకు 1,027 మంది ఆడవాళ్లున్నారు. సిద్దిపేటలో 1,008 మంది. సంగారెడ్డిలో 965 మంది మాత్రమే. ఒకే నేల, ఒకే వానలు, ఒకే చరిత్ర ఉన్న మూడు జిల్లాల మధ్య ఇంత దూరం ఎందుకొచ్చింది? మెదక్, సిద్దిపేట పల్లెల నుంచి మగవాళ్లు పనికోసం వెళ్లిపోతారు, ఇల్లు చూసుకుంటూ ఆడవాళ్లు మిగులుతారు. సంగారెడ్డికి మగవాళ్లు పనికోసం వస్తారు, వాళ్ల ఆడవాళ్లు మరెక్కడో ఉంటారు. ఫ్యాక్టరీ గేటుకు దగ్గరయ్యేకొద్దీ ఈ తేడా ముదురుతుంది.

ఊరు ఎప్పుడు పట్టణమవుతుందో చెప్పడానికి జనగణన శాఖకు ఒక కొలత ఉంది. కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది, పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండటం. ఈ మూడూ కుదిరితే, పంచాయతీ పాలనలోనే ఉన్నా ఆ ఊరిని జనగణన పట్టణంగా రాస్తారు. 2011 జనగణనలో అమీన్‌పూర్, బొల్లారం, ఇస్నాపూర్, ముత్తంగి, భానూరు అలాంటి పట్టణాల జాబితాలో ఉన్నాయి. కాగితం మీద పట్టణమైనంత మాత్రాన మురుగు కాలువ, మంచినీటి పైపు, వీధి దీపం వచ్చేయవు. పంచాయతీ నిధులతోనే పట్టణమంత జనాన్ని మోయాల్సిన స్థితి అప్పట్లో ఈ ఊళ్లది.

ఇంతకీ ఆ జనాన్ని లెక్కపెట్టేది ఎలా? 2011లో ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా ఎన్యూమరేటర్లు ఇల్లిల్లూ తిరిగారు. మార్చి 1 మొదలయ్యే అర్ధరాత్రి వేళను ప్రామాణిక క్షణంగా పెట్టుకున్నారు. ఆ రోజుల్లో మనిషి మామూలుగా ఎక్కడ ఉంటున్నాడో అక్కడే లెక్కలోకి రావాలి. అతని సొంతూరు ఏదైనా, రేషన్ కార్డు ఎక్కడున్నా దానితో పనిలేదు. నియమం చక్కనిదే. అది అమలయ్యే చోటు చూడాలి.

పారిశ్రామికవాడ పక్క ఊళ్లలో లైన్ రూములు అనే కట్టడాలుంటాయి. పొడుగాటి వరసలో పదో పన్నెండో గదులు, పైన సిమెంటు రేకులు, ముందు సన్నని అరుగు, చివర ఒకటో రెండో మరుగుదొడ్లు. ఒక గదిలో నలుగురైదుగురు ఉంటారు. గోడకు దండెం, దాని మీద ఆరని యూనిఫాం చొక్కాలు, ఒక మూల గ్యాస్ స్టవ్వు, బియ్యం సంచి, మూతపెట్టిన బకెట్టు. పగటి షిఫ్టువాళ్లు పొద్దున్నే వెళ్లిపోతారు, రాత్రి షిఫ్టువాళ్లు వచ్చి అవే చాపల మీద పడుకుంటారు. ఎన్యూమరేటరు మధ్యాహ్నం వస్తే తలుపుకు తాళం ఉంటుంది, లేదా లోపలివాళ్లు గాఢ నిద్రలో ఉంటారు. లేచినా భాష కలవదు. ఇంటి ఓనరును అడిగితే గదికి ఇద్దరేనంటాడు. అసలు సంఖ్య చెబితే ఇంటి పన్ను పెరుగుతుందనో, కరెంటువాళ్లు కమర్షియల్ మీటరు పెట్టమంటారనో అతని భయం. కాంట్రాక్టరును అడిగితే అతనికీ తన రిజిస్టరు ఎవరైనా తిరగేస్తారన్న బెంగ ఉంటుంది. ఇలా ఒక్కో గదిలో ఇద్దరు ముగ్గురు జారిపోతారు. సొంతూళ్లో వాళ్లమ్మ, నా కొడుకు హైదరాబాద్‌లో ఉన్నాడని చెబితే అక్కడా రాయరు. రెండుచోట్లా లేని మనిషి అవుతాడు.

తెలంగాణ ప్రభుత్వం 2014 ఆగస్టు 19న ఒకే రోజున సమగ్ర కుటుంబ సర్వే జరిపినప్పుడు ఇందుకు తలకిందులైన దృశ్యం కనిపించింది. హైదరాబాద్‌లో, చుట్టుపక్కల ఉంటున్న లక్షల మంది తమ పేరు సొంతూళ్లోనే రాయించుకోవాలని ముందు రోజే బస్సులెక్కి వెళ్లిపోయారు. సొంతూళ్లో ఉన్న భూమి, ఇల్లు, ప్రభుత్వ పథకాలే వాళ్లకు ముఖ్యం. సర్వేకు ఏమి ముడిపడి ఉందని జనం అనుకుంటారో, ఆ అంకెలు అటువైపే ఒరుగుతాయి.

లెక్కల్లో కనిపించని ఈ జనం రెండు సందర్భాల్లో దేశమంతటికీ కనిపించారు. మొదటిది 2020 లాక్‌డౌన్. సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ హైదరాబాద్ భవనాలు కడుతున్న వలస కార్మికులు తమను ఇళ్లకు పంపమని ఆందోళనకు దిగారు. మే 1న లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో రైలు కదిలింది. వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన మొదటి ప్రత్యేక రైలు అదే. రెండోది 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో జరిగిన పేలుడు. ఆ వేళ లోపల దాదాపు 140 మంది ఉన్నారు. 46 మంది మృతదేహాలను గుర్తించారు, ఆనవాళ్లు దొరకని 8 మందిని కూడా చనిపోయినవారిగానే లెక్కించాల్సి వచ్చింది. మృతుల ఊళ్లు ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, ఆంధ్రప్రదేశ్, ఇంకా ఇతర రాష్ట్రాల్లో ఉన్నాయి. ఈ పారిశ్రామికవాడలో ఎవరు పనిచేస్తున్నారన్నదానికి అంతకంటే కచ్చితమైన పట్టిక మరొకటి లేకపోవడం బాధాకరం. ఎవరు లోపల ఉన్నారో పేలుడు తర్వాత వెతుక్కునే పరిస్థితి ఏ పరిశ్రమకూ రాకూడదు.

జనాభా కూర్పు విషయానికొస్తే, ఏ దేశం తన ప్రజలను ఏ పేరుతో విడదీసి రాసుకుంటుందో అది ఆ దేశ చరిత్రను బట్టి ఉంటుంది. అమెరికా 1790లో జరిపిన తొలి జనగణన నుంచే తెల్లవారిని, బానిసలను వేరువేరుగా రాసింది, ఇవాళ్టికీ అక్కడి చిన్న పట్టణాల లెక్కల్లో జాతి ఒక ముఖ్యమైన వరస. భారతదేశంలో ఆ స్థానంలో కులం, మతం, మాతృభాష, పుట్టిన చోటు ఉంటాయి. అన్ని కులాల వివరాలూ అచ్చైన చివరి జనగణన 1931 నాటిది. స్వాతంత్ర్యం వచ్చాక 1951 నుంచి షెడ్యూల్డ్ కులాలు, షెడ్యూల్డ్ తెగలను మాత్రమే విడిగా లెక్కిస్తున్నారు.

తెలంగాణ ఈ ఖాళీని సొంతంగా పూరించుకుంది. 2024 నవంబరులో మొదలుపెట్టిన ఇంటింటి సర్వే ఫలితాలను 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. 3 కోట్ల 54 లక్షల మంది వివరాలు అందులో చేరాయి. ముస్లింలు కాని వెనుకబడిన తరగతులవారు 46.25 శాతం, ముస్లిం వెనుకబడిన తరగతులవారు 10.08 శాతం, షెడ్యూల్డ్ కులాలు 17.43 శాతం, షెడ్యూల్డ్ తెగలు 10.45 శాతం, మిగతావారు 15.79 శాతం అని తేలింది. రాష్ట్రం మొత్తానికి ఇది విలువైన చిత్రం. కాజీపల్లి లాంటి ఊరికి వచ్చేసరికి దీనికి మరో పొర చేర్చాలి, ఎందుకంటే ఇక్కడి గదుల్లో ఉంటున్న వాళ్లలో చాలామంది కులం పేర్లు తెలంగాణ జాబితాల్లోనే లేవు.

ఇందులో చట్టపరమైన చిక్కు ఒకటుంది. షెడ్యూల్డ్ కులాలు, తెగల జాబితా రాష్ట్రానికొకటి. జనగణనలో కూడా మనిషిని ఎక్కడ లెక్కపెడితే ఆ రాష్ట్రం జాబితానే వర్తిస్తుంది. సంథాల్ తెగవాడు ఒడిశాలో, జార్ఖండ్‌లో షెడ్యూల్డ్ తెగ, సంగారెడ్డిలో లెక్కకు వస్తే ఆ గడిలో పడడు. ఇక్కడ షెడ్యూల్డ్ తెగగా ఉన్న లంబాడా మనిషి సరిహద్దు దాటి మహారాష్ట్రకు వెళితే అక్కడ ఆ హోదా ఉండదు. తెలుగువాడైన విద్యార్థి మర్రి చంద్రశేఖరరావు వేసిన కేసులో సుప్రీంకోర్టు 1990లో ఈ సూత్రాన్ని ఖాయం చేసింది. పుట్టిన రాష్ట్రంలో ఉన్న రిజర్వేషన్ హక్కు వలస వెళ్లిన రాష్ట్రంలో వెంటరాదని చెప్పింది. కాబట్టి పారిశ్రామిక ప్రాంతంలో షెడ్యూల్డ్ తెగల శాతం తగ్గినట్టు పట్టిక చూపిస్తే, ఆదివాసులు తగ్గారని వెంటనే అనుకోకూడదు. వాళ్లు ఎక్కువే ఉండవచ్చు, గుర్తింపు పొందే గడి మాత్రమే లేకపోవచ్చు.

ఫ్యాక్టరీ లోపలికి వెళ్తే ఈ కూర్పు మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. రియాక్టరు దగ్గర బస్తాలు ఎత్తడం, సెంట్రిఫ్యూజు నుంచి తడి పొడి తీయడం, డ్రైయరు ఖాళీ చేయడం వంటి హెల్పరు పనులు ఎక్కువగా ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ యువకులవి. ఆపరేటర్లలో స్థానికులు, ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్లు కలిసి ఉంటారు. కెమిస్టులు, షిఫ్టు ఇన్‌చార్జిలు తెలుగు జిల్లాల కాలేజీల్లో బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివినవాళ్లు. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు ప్యాకింగులో, ఊడ్చే పనిలో, క్యాంటీనులో కనబడతారు. ఊరి పాత కుటుంబాల మగపిల్లలకు సెక్యూరిటీ, డ్రైవరు, ట్యాంకరు లోడింగు పనులు దొరుకుతాయి. భూమి పోతే కంపెనీలో పర్మినెంటు కొలువు వస్తుందని ఆశపడ్డ కుటుంబాల్లో అది దక్కింది కొందరికే. మూడు నాలుగు భాషలు ఒకే గేటు దగ్గర వినిపిస్తాయి, ప్రమాద హెచ్చరిక బోర్డు మాత్రం చాలాచోట్ల రెండు భాషలకు మించదు.

ఇక ఆదాయం. తలసరి ఆదాయంలో తెలంగాణ జిల్లాల వరస చూస్తే రంగారెడ్డి, హైదరాబాద్ తర్వాత సంగారెడ్డి నిలుస్తోంది. ఈ మూడో స్థానం వినగానే ఊళ్లో మనిషికి బాగానే వస్తుందని అనిపించడం సహజం. ఆ అంకె తయారయ్యే తీరు తెలుసుకుంటే అభిప్రాయం మారుతుంది. జిల్లాలో జరిగిన ఉత్పత్తి విలువలోంచి ముడిసరుకు, కరెంటు వంటి ఖర్చులు తీసేస్తే మిగిలేది జోడించిన విలువ. అందులో కార్మికుల జీతాలు ఒక భాగం. బ్యాంకు వడ్డీ, అద్దెలు, యంత్రాల తరుగుదల, యజమాని లాభం మిగతా భాగాలు. ఫ్యాక్టరీ ఎక్కడుంటే మొత్తం విలువ ఆ జిల్లాకు రాస్తారు, తరుగుదల తీసేసి దాన్ని అంచనా జనాభాతో భాగిస్తారు. లాభం అందుకునేవాళ్లు ఎక్కడ నివసిస్తున్నారన్నది ఆ లెక్కకు పట్టదు. పైగా భాగించే సంఖ్యలో లైన్ రూముల జనం సగం సగమే ఉంటే తలసరి ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. ఎక్కువ ఉత్పత్తి, తక్కువ రాసిన జనం కలిసి ఊరిని కాగితం మీద ధనవంతం చేస్తాయి.

గదిలో ఉన్న మనిషి లెక్క వేరు. ఉదాహరణకు ఓ హెల్పరుకు ఓటీతో కలిపి నెలకు 15,000 చేతికొచ్చిందనుకుందాం. గది కిరాయిలో వంతు, తిండి, ఫోను పోను 8,000 దాకా సొంతూరికి పంపుతాడు. ఆ డబ్బు అక్కడ అప్పు తీరుస్తుంది, ఇంటి గోడ లేపుతుంది, చెల్లెలి పెళ్లి చేస్తుంది. సంగారెడ్డి జిల్లా ఆదాయంగా రాసిన ఆ రూపాయలు ఖర్చయ్యేది బాలాసోర్‌లోనో, దర్భంగాలోనో. కాజీపల్లి పక్కన అతను వదిలేది కిరాయి, కిరాణా, పాన్‌డబ్బా ఖర్చు. ఫ్యాక్టరీలో ఏళ్లు గడిచినా అతను కాంట్రాక్టరు కిందే ఉంటే సెలవు జీతం, గ్రాట్యుటీ అందుకోవడం కష్టమే. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం, 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం పుస్తకాల్లో దశాబ్దాల పాటు ఉన్నాయి. 2025 నవంబరు 21 నుంచి వాటి స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చాయి. చట్టం పేరు ఏదైనా, ఫ్యాక్టరీ గేటు దగ్గర రిజిస్టరులో పేరు ఉందా లేదా అన్నదే కార్మికుడికి అసలు రక్ష.

పాత కుటుంబాల ఆదాయంలో మార్పు మరో రకం. రోడ్డు పక్క భూమి ఉన్నవాళ్లు ప్లాట్లు చేసి అమ్మారు, లైన్ రూములు కట్టి కిరాయిలు తీసుకుంటున్నారు. పొలం మీద నెలనెలా రాబడి ఉండదు, గదుల మీద ఉంటుంది. చెరువు కింద తరి భూమి ఉన్నవాళ్లది మాత్రం నష్టమే. రసాయనాలు కలిసిన నీళ్లతో వరి ఎండింది, పశువులు చచ్చాయి, బోరు నీళ్లు రంగు మారాయి. నక్కవాగు పొడుగునా, పటాన్‌చెరు నుంచి మంజీర నది దాకా పల్లెలన్నీ ఈ దెబ్బ తిన్నాయి. పటాన్‌చెరు వైద్యుడు ఎ. కిషన్‌రావు వంటివారు ఏళ్ల తరబడి పోరాడారు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ సుప్రీంకోర్టులో వేసిన కేసు 2001లో హైకోర్టుకు, అక్కడి నుంచి జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు మారి, 2017 అక్టోబరులో తీర్పు దాకా వచ్చింది. ఇరవై ఏడేళ్లు. కేసు మొదలైనప్పుడు పుట్టిన పిల్లలు తీర్పు నాటికి ఫ్యాక్టరీలో ఉద్యోగాలు చేస్తున్నారు. మొదట్లో రైతులకు కట్టిన పరిహారం ఎకరానికి వెయ్యి నుంచి రెండు వేల రూపాయల లోపే. పొలం పోయినవాడికి అది న్యాయం అనిపించుకోదు.

చేపల మీద బతికే ముదిరాజు, బెస్త కుటుంబాలకు ఆ మాత్రం పరిహారం దారి కూడా సరిగా దొరకలేదు. పట్టా ఉన్నవాడికి ఎకరాల లెక్క ఉంటుంది, చెరువు మీద హక్కు మత్స్యకారుల సొసైటీ కాగితంలో ఉంటుంది. 2017 అక్టోబరులో అమీన్‌పూర్ మండలం గండిగూడెం చెరువులో లక్షల చేపలు తేలినప్పుడు ఆ కుటుంబాల ఏడాది సంపాదన ఒక్క రాత్రిలో పోయింది. కాజీపల్లి చెరువు పేరు ప్రపంచ శాస్త్ర పత్రికల దాకా వెళ్లింది కూడా కాలుష్యం వల్లే. 2014లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో, యాంటీబయాటిక్ మందులకు లొంగని గుణాన్ని ఇచ్చే జన్యువులు ఈ చెరువు మట్టిలో పోల్చి చూసిన స్వీడన్ చెరువు కంటే సుమారు 7,000 రెట్లు ఎక్కువగా కనిపించాయి. మందు తయారుచేసే ఊళ్లోనే మందు పనిచేయని సూక్ష్మజీవులు పెరగడం ఆ ఊరి ఆదాయ లెక్కలోకి రాదు, ఆసుపత్రి ఖర్చులోకి వస్తుంది.

ఈమధ్య జనాభా కొత్త దిక్కుకు మళ్లింది. ఔటర్ రింగ్ రోడ్డు పూర్తయ్యాక గచ్చిబౌలి, కూకట్‌పల్లిలో ఉద్యోగం చేసేవాళ్లు అమీన్‌పూర్, బొల్లారం, బీరంగూడ వైపు ఇళ్లు కొన్నారు. ఈ మధ్యతరగతి వలసకు జీతం, లోను, పిల్లల బడి వెంటవస్తాయి. లైన్ రూముల వలసకు ఒక సంచి వెంటవస్తుంది. రెండూ ఒకే నియోజకవర్గంలో పక్కపక్కనే ఉన్నాయి. 2023 శాసనసభ ఎన్నికల నాటికి పటాన్‌చెరు నియోజకవర్గ ఓటర్లు దాదాపు 4 లక్షలు, జిల్లాలోని మరే నియోజకవర్గమూ అంత పెద్దది కాదు. అందులో మొదటి వలసవాళ్ల ఓట్లున్నాయి, రెండో వలసవాళ్లవి చాలావరకు సొంతూళ్లలోనే ఉన్నాయి. ఓటు లేని జనం నీళ్లు అడిగినా, దవాఖానా అడిగినా వినేవాళ్లు తక్కువ.

పాలన హద్దులు కూడా మారుతున్నాయి. అమీన్‌పూర్, బొల్లారం, తెల్లాపూర్ 2018లో మున్సిపాలిటీలయ్యాయి. ఆ తర్వాత ఇస్నాపూర్, గడ్డపోతారం, గుమ్మడిదల వంటి ఊళ్లకూ ఆ హోదా దక్కింది. 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఔటర్ లోపలి పారిశ్రామిక భూములను ఇళ్లకు, వాణిజ్యానికి మార్చుకునే విధానాన్ని ప్రకటించింది. అది అమలైతే లోపలి ఫ్యాక్టరీలు బయటికి జరుగుతాయి, ఔటర్ అంచున, దాని అవతల ఉన్న పల్లెల మీద ఒత్తిడి పెరుగుతుంది. మరోవైపు కాజీపల్లి రిజర్వు అడవిలో 1,650 ఎకరాలను 2020లో నటుడు ప్రభాస్ 2 కోట్ల రూపాయల విరాళంతో దత్తత తీసుకున్నారు. అడవి ఒక గట్టున, బాయిలరు పొగ ఇంకో గట్టున ఉన్న ఊరు ఎటు మొగ్గుతుందో నిర్ణయించడానికి ముందు అక్కడ ఎంతమంది ఉన్నారో ప్రభుత్వానికి తెలియాలి.

దేశంలో తదుపరి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. 1931 తర్వాత తొలిసారి అందులో అన్ని కులాల వివరాలూ అడుగుతారు. పారిశ్రామిక ప్రాంతాల్లో ఆ లెక్క సరిగ్గా రావాలంటే కొన్ని పనులు తప్పనిసరి. ఎన్యూమరేటర్లు లైన్ రూములకు షిఫ్టు మారే వేళల్లో, పొద్దున్నో సాయంత్రమో వెళ్లాలి. ఒడియా, హిందీ తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లాలి. ఫ్యాక్టరీలు కాంట్రాక్టు కార్మికులకు ఆ రోజుల్లో గంటో రెండు గంటలో వెసులుబాటు ఇవ్వాలి. జనగణనలో చెప్పిన వివరాలను పన్నుకు, కేసుకు వాడకూడదని 1948 నాటి జనగణన చట్టమే చెబుతోంది కాబట్టి ఇంటి ఓనర్లు భయపడాల్సిన పనిలేదు. కాజీపల్లి, గడ్డపోతారం, బొల్లారం, పాశమైలారంలో గదులు కిరాయికిచ్చిన ప్రతి ఒక్కరూ, ఎన్యూమరేటరు తలుపు తట్టినప్పుడు ఆ గదిలో నిద్రపోతున్న ప్రతి మనిషి పేరునూ రాయించాలి.